కాగితం గుజ్జులో నా కుడిచెయ్యి

ఆ రోజు మిల్లులో నా చేతిలోంచి అట్ట జారిపడింది. అట్ట జారడం కూడా ఒక విషయమా అని మీరనుకోవచ్చు. నాకది పెద్ద విషయమే. సారపాక కాగితం మిల్లులో కాంట్రాక్టు కింద ఏళ్ళ తరబడి నేను చేసింది ఒకటే పని, సార్టింగ్. కోసిన అట్టల దొంతరను విసనకర్రలా విప్పి అంచుల మీదుగా కుడిచేతి వేళ్ళు పోనిస్తే చాలు, గడ్డ ఎక్కడుందో, మడత ఎక్కడుందో కళ్ళకంటే ముందు వేళ్ళకే తెలిసేది. బాగాలేనిదాన్ని లాగి పక్కన పడేస్తాం. అలా పడేసినదాన్ని మా దగ్గర బ్రోక్ అంటారు. అది మళ్ళీ నీళ్ళలో నాని, గుజ్జయి, కొత్త అట్టగా తిరిగొస్తుంది.

నా చేతిలోంచి గడ్డ ఉన్న అట్ట తప్పించుకుపోవడం అంటూ ఉండేది కాదు. గొప్ప చెప్పుకోవడం కాదు, నా గుణమే అంత. ఇంట్లో కూడా అంతే. దుప్పటి మడత వంకరగా ఉంటే మా ఆయన నిద్రపోతున్నా లేపి మళ్ళీ మడత పెట్టించేదాన్ని.

అలాంటిది ఆ రోజు నా పక్కన పనిచేసే వెంకటమ్మ, నేను చూసి పక్కన పెట్టిన దొంతరను తిరగేసి, "ఏంది ఎస్తేరక్కా, ఇయ్యాల నువ్వు పాసు చేసినయన్నీ గడ్డలే" అంది.

"నీ కళ్ళల్ల ఉన్నయ్ గడ్డలు" అన్నాను.

అన్నానే గానీ, కుడిచేతి వేళ్ళు తిమ్మిరిగా ఉన్నాయి. రాత్రి చెయ్యి మీద పడుకున్నానేమో అనుకుని విదిలించుకున్నాను. షిఫ్టు అయిపోయేదాకా అలాగే చేశాను. మధ్యలో లేచి వెళ్తే పని చేతకాలేదనుకుంటారని నా పట్టుదల. ఇంటికి నడిచొస్తుంటే కుడికాలి చెప్పు ఎక్కడో ఊడిపోయింది. ఊడినట్టు కూడా తెలియలేదు. గుమ్మంలోకి వచ్చాక మా ఆయన దానియేలు చూశాడు. ఆయన జామాయిల్ కట్టెల లారీ నడుపుతాడు, ఆ రోజు ట్రిప్పు లేక ఇంట్లోనే ఉన్నాడు.

"ఒక్క చెప్పు ఏడ పారేసినవే?" అని నవ్వాడు.

నేనేదో అన్నాను. ఏమన్నానో నాకే అర్థం కాలేదు. నాలుక నా మాట వినలేదు. ఆయన నా మొహం వంక చూసి నవ్వడం మానేశాడు. మూతి ఒక పక్కకి జారిపోయిందట. ఆటో పిలిచి, గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాడు. దారంతా నా చెయ్యి ఎత్తి చూస్తున్నాడు, వదిలితే అది పడిపోతోంది.

డ్యూటీ డాక్టర్ చిన్నవాడు. CT స్కాన్ తీయించి చూసి, "బ్లీడింగ్ లేదు. ఇస్కీమిక్ స్ట్రోక్. బ్రెయిన్‌ల ఎడమ వైపు క్లాట్ అడ్డం పడ్డది, అందుకే కుడి వైపు పడిపోయింది" అన్నాడు. తర్వాత మా ఆయన్ని అడిగాడు, "ఎప్పటి నుంచి ఉంది గిట్ల?"

"పొద్దటి నుంచి చెయ్యి విదిలించుకుంటనే ఉందట సార్, వెంకటమ్మ చెప్పింది ఫోన్ల."

డాక్టర్ గడియారం వంక చూశాడు. "క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఒకటుంటది. దానికి టైం దాటిపోయింది. పొద్దున్నే వస్తే ఇచ్చేవాళ్ళం. BP టాబ్లెట్ వాడుతున్నరా అమ్మా?"

తలనొప్పి వచ్చినప్పుడు వేసుకుంటానని చెప్పబోయాను. నా నోటి నుంచి సగం మాటలే వచ్చాయి. ఆ సగానికే ఆయనకు అర్థమైపోయింది. BP టాబ్లెట్ తలనొప్పికి కాదమ్మా అని, తిట్టకుండా, చాలా మెల్లగా చెప్పాడు. తిట్టి ఉంటే బాగుండేది.

MRI కోసం ఖమ్మం పంపించారు. అక్కడా అదే మాట. రక్తం పల్చబడడానికి ఎకోస్ప్రిన్, కొలెస్ట్రాల్ గోలీ, BP గోలీ, ఫిజియోథెరపీ రాసిచ్చారు. ఇంటికొచ్చాక పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక మందు చెప్పారు. ఒకావిడ పావురం రక్తం రాస్తే చెయ్యి లేస్తుందని ఒట్టేసి చెప్పింది. మా ఆయన ఎక్కడికో పోయి పావురాన్ని తెచ్చి గంప కింద మూసిపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. తిరగని నోటితోనే తిట్టాను. స్ట్రోక్ తర్వాత నేను పూర్తిగా పలికిన మొదటి వాక్యం ఆ తిట్టే. ఆయన సంతోషపడి పావురాన్ని వదిలేశాడు. అది ఎగిరిపోకుండా చాలా రోజులు మా రేకుల మీదే కూర్చుంది.

ఫిజియో చేయించే మేడం ముక్కుసూటి మనిషి. మొదటి రోజే చెప్పింది.

"మాట వస్తది, కాలు వస్తది. చెయ్యే లేటు. దానికి పని చెప్తనే ఉండాలె. చెప్పకపోతే నీకు గీ చెయ్యి ఉన్నదన్న సంగతే బ్రెయిన్ మర్చిపోతది. మొదటి నెలలే ముఖ్యం, గుర్తు పెట్టుకో."

ఆమె అన్నట్టే మాట వచ్చింది, కాలు వచ్చింది. కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడవగలిగాను. చెయ్యి మాత్రం పిడికిలి ముడుచుకుని కూర్చుంది. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పల్లీలు వెయ్యమంది మేడం. పల్లీలన్నీ నేల మీద. గ్లాసు ఎత్తమంది. నీళ్ళన్నీ ఒడిలో. ఏళ్ళ తరబడి తప్పులు ఏరిన మనిషిని, నా చెయ్యే తప్పు చేస్తుంటే చూడలేకపోయాను. ఇంట్లో చెయ్యాల్సిన ఎక్సర్‌సైజులు మానేశాను. చేశానని మేడంకు అబద్ధం చెప్పాను. ఆ చెయ్యిని కొంగు కింద దాచేసుకున్నాను.

అన్నిటికంటే అన్నం తినడం కష్టమైంది. ఎడమచేత్తో చెంచా పట్టుకుని, తలుపేసుకుని తినేదాన్ని. ఎవరైనా వచ్చినట్టు వినిపిస్తే కంచం మంచం కిందికి తోసేదాన్ని. మా ఆయన అన్నం కలిపి ముద్దలు పెట్టేవాడు. ఆయన కలిపితే ఒక పక్క అంతా పప్పు, ఒక పక్క అంతా తెల్లన్నం. తింటూ ఏడ్చేదాన్ని. పప్పు కలవలేదని ఏడుస్తున్నానని ఆయన అనుకునేవాడు. మా చర్చిలో ఏడాదికోసారి ప్రేమవిందు జరుగుతుంది, అందరం వరసగా కింద కూర్చుని ఆకుల్లో తింటాం. ఆ ఏడు నేను పోలేదు. ఇంక ఎప్పటికీ నలుగురిలో కూర్చుని నా చేత్తో నేను తినలేనని నాకు ఖాయమైపోయింది. చచ్చిపోతానన్న భయం కంటే ఆ దిగులే ఎక్కువ పీడించింది.

చెకప్‌లో డాక్టర్, "నిద్ర పడుతుందా? ఊరికే ఏడుపొస్తుందా?" అని అడిగాడు. వస్తుందన్నాను. "స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ కామన్ అమ్మా. ఇది కూడా జబ్బే, నీ తప్పు కాదు" అని ఒక గోలీ రాశాడు. ఫిజియో మేడం నా చెయ్యి చూసి నేను ఇంట్లో ఏమీ చెయ్యడం లేదని కనిపెట్టేసింది. కోప్పడలేదు.

"మీ కాలనీ కమ్యూనిటీ హాల్ల ఆదివారం మధ్యాహ్నం సునంద టీచర్ బొమ్మల వర్క్‌షాప్ పెడ్తది. చిన్నోళ్ళు, ముసలోళ్ళు అందరొస్తరు. పోయి కూసో. ఏం చెయ్యకున్నా మంచిదే, కూసో."

బొమ్మలేంది, నేనేమన్నా చిన్నపిల్లనా అని మా ఆయన దగ్గర గొణిగాను. ఆయన ఆ ఆదివారం నన్ను బండి మీద కూర్చోబెట్టుకుని దింపి, ఎక్కడ వెనక్కి వస్తానో అని హాలు గుమ్మంలోనే నిలబడ్డాడు.

సునంద టీచర్ హాస్టల్ స్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. హాల్లో పరిచిన చాపల మీద పసివాళ్ళ నుంచి పండు ముసలివాళ్ళ దాకా కలిసి కూర్చున్నారు. పసుపు, బొగ్గు, ఇటుక పొడి, మోదుగుపూలు ఉడికించిన రసం, ఇవే రంగులు. టీచర్‌ది ఒకటే కట్టడి. ఎవరు ఏం చేసినా బాగుందనీ బాగాలేదనీ ఎవరూ అనకూడదు. 'ఎట్ల చేసినవ్?' అని మాత్రమే అడగాలి. గోడకు ఏదీ అంటించరు, బహుమతుల్లేవు. చివర్లో ఎవరి కాగితం వాళ్ళు ఇంటికి తీసుకుపోవచ్చు, లేకపోతే మూలనున్న పెద్ద నీళ్ళ తొట్టిలో వెయ్యొచ్చు. తొట్టిలో వేసినవి నానబెట్టి, పిసికి, దోమతెర బిగించిన చెక్క చట్రంతో ఎత్తి, మళ్ళీ కాగితాలు చేస్తారు. మిల్లులో పల్పర్ అనే గుజ్జు మిషన్ చేసే పనే, ఇక్కడ చేతులతో.

నేను ఏదీ ముట్టుకోలేదు. చివరికి కాగితాలు ఒక దగ్గర పెట్టమని టీచర్ చెబితే, ఎడమచేత్తో పోగు చేశాను. పోగు చేస్తూ చేస్తూ, అలవాటు ఊరుకుంటుందా, ఏరడం మొదలుపెట్టాను. గీత వంకర పోయినవి, మరక పడ్డవి, అంచు నలిగినవి తీసి తీసి తొట్టిలో పడేశాను. మిగిలినవి నీటుగా దొంతర పెట్టాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

"నా వరద ఏదమ్మా?" అని ఒక ముసలాయన వచ్చాడు. నర్సింహులు తాత. మిల్లు బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ఆ మధ్యాహ్నమంతా కూర్చుని పుల్లతో బొగ్గు అద్ది గోదావరి వరద గీశాడట.

దొంతరలో లేదు. నాకు సంగతి అర్థమైంది. "బ్రోక్‌ల వేసిన తాతా" అన్నాను.

తాత మనవరాలు సోనీ తొట్టిలోకి తొంగి చూసి, "కరిగిపోయింది" అని ప్రకటించింది. తాత ఒక్కసారి నన్ను ఎగాదిగా చూసి, పడీపడీ నవ్వాడు.

"మిల్లుల ఇన్నేండ్లు చేసిన, ఒక్కనాడు ఎవ్వరు రిజెక్ట్ చెయ్యలే. రిటైరయినంక నువ్వు చేసినవ్ బిడ్డా."

టీచర్ పరవాలేదనీ అనలేదు, తప్పనీ అనలేదు. నా పక్కన కూర్చుని, "ఎట్ల ఏరినవ్ ఎస్తేరు?" అని అడిగింది.

చెప్పాను. దొంతర ఎలా విప్పుతామో, వేళ్ళకు గడ్డ ఎలా తగులుతుందో, మడత చప్పుడు ఎలా వేరేగా ఉంటుందో. స్ట్రోక్ వచ్చిన దగ్గర్నుంచి అందరూ నన్ను అడిగేది ఎట్లుంది అనే. ఎట్ల చేసినవ్ అని ఎవరూ అడగలేదు. చెబుతూ చెబుతూ ఎంతసేపు మాట్లాడానో తెలియదు. అందరూ విన్నారు.

"అయితే తాతకు వచ్చే వారానికి కాగితం కావాలె. నువ్వే పిసుకు" అంది టీచర్.

తొట్టిలో ఎడమచెయ్యి పెట్టాను. తాత ఊరుకోలేదు. "రెండోది దాచుకున్నవేంది?"

"అది పని చెయ్యదు తాతా."

"నీళ్ళల్ల ఎవ్వరు చూస్తరు బిడ్డా? పెట్టు."

నిజమే. బూడిదరంగు నీళ్ళు, పైన గుజ్జు. లోపల చెయ్యి ఏం చేస్తుందో ఎవరికీ కనిపించదు. నాకూ కనిపించదు. కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని లోపలికి దించాను. టీ పొయ్యి మీద కాచిన నీళ్ళు కలిపారు కాబట్టి గోరువెచ్చగా ఉంది. పిడికిలి కాసేపటికి కొంచెం వదులైంది. వేళ్ళ మధ్యకి గుజ్జు వచ్చింది. నొక్కాను, అది నలిగిందో లేదో తెలియదు. తెలియాల్సిన పనీ లేదు. గుజ్జును తప్పుగా పిసకడం అనేది ఉండదు. నా జీవితంలో తప్పు చెయ్యడానికి వీల్లేని పని అదే మొదటిసారి చెయ్యడం.

ఆ తర్వాత ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. ఇంట్లో కూడా పాత పేపర్లు బకెట్లో నానబెట్టి పిసికేదాన్ని. ఫిజియో మేడంకు చెబితే నవ్వి, "ఇదే నేను ఇన్ని రోజులు మొత్తుకున్నది. కానీ ఆ చెయ్యికి వేడి సరిగ్గ తెల్వదు, ముందుగాల ఎడమచెయ్యి పెట్టి చూసుకో" అంది.

అంతా సాఫీగా సాగలేదు. ఒకరోజు బాత్రూంలో కాలు జారింది. పడిపోకుండా మా ఆయన నా కుడిచెయ్యి పట్టి గట్టిగా పైకి లాగాడు. భుజంలో ఏదో కదిలింది, ప్రాణం పోయినంత నొప్పి. "పడ్డ చెయ్యిని పట్టి ఎప్పుడూ లాగొద్దు, భుజం జారుతది" అని డాక్టర్ చెప్పాక మా ఆయన మొహం చూడలేకపోయాను. భుజానికి స్లింగ్ వేశారు. వారాల తరబడి గుజ్జు లేదు, హాలు లేదు. వదులైన పిడికిలి మళ్ళీ బిగుసుకుపోయింది. అప్పుడు మాత్రం పూర్తిగా ఓడిపోయాననుకున్నాను. దేవుడితో కూడా మాట్లాడడం మానేశాను.

ఒక ఆదివారం నర్సింహులు తాత, సోనీ ఇంటికే వచ్చారు. "మాకు కాగితాలు అయిపోయినయ్" అంది సోనీ, అది నా తప్పే అన్నట్టు. తాత, "పిసికేటోళ్ళు లేరు బిడ్డా. పిసికినా గడ్డలు గడ్డలే వస్తున్నయ్, ఏరేటోళ్ళు కూడ లేరు" అన్నాడు. నన్ను ఊరించడానికే అన్నాడని తెలుసు. అయినా పొమ్మని చెప్పలేకపోయాను. స్లింగ్ తీశాక, మేడం సరేనన్నాక మళ్ళీ పోయాను. మొదటి రోజు ఎలా ఉన్నానో మళ్ళీ అలాగే. మళ్ళీ ఎడమచేత్తో దించడం, మళ్ళీ పిడికిలి వదులయ్యేదాకా కూర్చోవడం.

మోదుగులు పూసే రోజుల్లో, గుడ్డ మీద ఆరిన కాగితాలు తీస్తున్నాం. ఎడమచేత్తో ఒకటి పట్టుకుని, పాత అలవాటుగా, కుడిచేతి వేళ్ళు దాని మీద జరిపాను. ఏదో అడ్డం తగిలింది. ఆగాను. కళ్ళు మూసుకుని కాగితం తిప్పేసి మళ్ళీ జరిపాను. మళ్ళీ తగిలింది, ఇంకో చోట. కళ్ళు తెరిచి చూస్తే సెనగగింజంత గడ్డ. నలగని గుజ్జు.

"టీచర్, గడ్డ తగిలింది" అని అరిచాను. అరిచి, కూలబడి ఏడ్చాను.

"మళ్ళ రిజెక్టా?" అన్నాడు తాత.

కాదని తల ఊపాను. అంత మంచి కాగితం నేను మిల్లులో కూడా చూడలేదు. తాత దాన్ని అడిగి తీసుకుని, ఆ గడ్డను గుట్ట చేసి, గుట్ట చుట్టూ వరద గీశాడు. తాత చిన్నప్పుడు వరదొస్తే వాళ్ళింటివాళ్ళు మేకలను తోలుకుని అలాంటి గుట్ట మీదనే ఉన్నారట. గీస్తూ గీస్తూ సోనీకి ఆ కథంతా చెప్పాడు. అయిపోగానే లేచి, కాగితాన్ని తీసుకుపోయి తొట్టిలో వేశాడు.

"అయ్యో, గదెందుకు వేసినవ్ తాతా? మంచిగున్నది గద" అన్నాను. ఆ మాట అనకూడదన్న కట్టడి కూడా మర్చిపోయాను.

"గీసిన గద బిడ్డా. అయిపోయింది. పిసుకు."

మనసొప్పలేదు. అయినా పిసికాను. ఆ గడ్డను వేళ్ళతో వెతికి పట్టుకుని, నలిగేదాకా నలిపాను.

ఈ ఏడు ప్రేమవిందుకు పోయాను. వరసలో మా ఆయన పక్కన కూర్చున్నాను. ఆకులో అన్నం పెట్టారు, పప్పు పోశారు. మా ఆయన అలవాటుగా నా ఆకులో చెయ్యి పెట్టబోయాడు. ఆగమన్నాను. కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి అన్నంలో పెట్టాను. గోరువెచ్చగా ఉంది. నొక్కాను, వదిలాను, మళ్ళీ నొక్కాను. కాగితం గుజ్జు ఎలా కలిపానో అలాగే కలిపాను. సగం మెతుకులు ఆకు బయటికి పోయాయి. చీర మీద పప్పు పడింది. ఎదురు వరసలో వాళ్ళు చూశారు, చూడనీ అనుకున్నాను. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగమే మిగిలింది. ఆ సగం తిన్నాను.

మా ఆయన నా ఆకు వంక చూస్తూ, "అన్నంల గడ్డలున్నయే" అన్నాడు.

"ఉండనియ్" అన్నాను.

ఇప్పుడు నా చెయ్యి ఇలా ఉంది. చిటికెన వేలు, దాని పక్క వేలు ఇంకా ముడుచుకునే ఉంటాయి. జాకెట్ హుక్కులు మా ఆయనే పెడతాడు. మిల్లు పనికి మళ్ళీ పోలేను, ఆ సంగతి నాకు తెలుసు, బాధ కూడా ఉంది. BP గోలీ తలనొప్పి ఉన్నా లేకున్నా వేసుకుంటున్నాను. ఆదివారాలు తొట్టి నాదే. రోజూ అన్నం నేనే కలుపుకుంటాను, తలుపు తీసే ఉంటుంది.

స్ట్రోక్ వచ్చి చెయ్యి పడినవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీ ఫిజియో వాళ్ళను అడిగి, ఆ చెయ్యికి ఎవరూ తప్పు పట్టలేని పని ఒకటి రోజూ ఇవ్వండి. నానిన కాగితమో, బంకమట్టో, పిండో, ఏదైనా సరే. చెయ్యి బాగయ్యాక మొదలుపెడదామని ఆగకండి. చేసింది బాగా వచ్చిందా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకండి. ఎట్లా చేశారో చెప్పండి.